బావ నిద్రకు కొలతలు

మా బావ కటింగ్ మాస్టరు. బడిపిల్లల యూనిఫారాలు, ఆసుపత్రి కోట్లు, వాచ్‌మెన్ చొక్కాలు కుట్టే వర్క్‌షాపులో ఇరవై ఎనిమిదేళ్ళుగా గుడ్డ కోస్తున్నాడు. మనిషిని ఎదురుగా నిలబెడితే చాలు, టేపు తియ్యకుండానే మెడ ఎంత, భుజం ఎంత అని చెప్పేస్తాడు. మా అక్కని మొదటిసారి చూసినప్పుడు మొహం కంటే ముందు, ఆవిడ వేసుకున్న బట్టలు భుజం దగ్గర అర అంగుళం ఎక్కువయ్యాయని గమనించాడట. ఆ మాట పెళ్ళయ్యాక చెప్పి తిట్లు తిన్నాడు.

ఆయన పనికి ఒక నియమం ఉంది. "కొలత మీదే కోసేవాడు దర్జీ కాదురా, పగవాడు" అంటాడు. నమూనా అట్ట మీద ఎప్పుడూ రెండు గీతలు గీస్తాడు. లోపలి గీత కుట్టుది, బయటి గీత కత్తెరది. రెంటికీ మధ్య అర అంగుళం వదులుతాడు. మనుషులు లావవుతారు, గుడ్డ ఉతికితే ముడుచుకుంటుంది, కుట్టేవాళ్ళ చెయ్యి ఒక్కోరోజు వంకర పోతుంది. వీటన్నిటికీ ఆ అర అంగుళమే దిక్కు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

బావ కోస్తాడు, నేను పట్టుకుంటాను. మా ఇద్దరి ఉద్యోగం అంతే. పొడవాటి బల్ల మీద గుడ్డని పొర మీద పొరగా అరవై పొరలు పరుస్తాం. పైన అట్టలు పెట్టి సుద్దతో గీతలు గీస్తాం. నిలువుగా ఆడే బ్లేడున్న కరెంటు మిషను పట్టుకుని బావ ఆ గీత వెంట నడుస్తాడు. పొరలు జారకుండా నేను బ్లేడుకి జానెడు ముందు అరచెయ్యి ఆనించి, ఆయన ముందుకొస్తుంటే వెనక్కి జరుగుతూ పోతాను. పంతొమ్మిదేళ్ళు అలాగే గడిచింది. ఎప్పుడు జరగాలో ఆయన చెప్పేవాడు కాదు, నేను అడిగేవాణ్ణి కాదు. మా అక్క కాపురం కంటే మా బల్ల కాపురమే సజావుగా సాగిందని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

బావకి నిద్ర పాడైంది ఒక పెద్ద ఆర్డరు వల్ల. మూడేళ్ళ కిందట ఆసుపత్రి కోట్ల పని పడి నలభై రోజులు రాత్రి డ్యూటీ చేశాం. ఆర్డరు అయిపోయింది. నేను ఇంటికెళ్ళి పద్నాలుగు గంటలు ఏకబిగిన నిద్రపోయాను. నాకు నిద్ర పట్టడానికి ఆనుకోవడానికి గోడ ఉంటే చాలు. చిన్నప్పటి నుంచీ అక్క నన్ను కుంభకర్ణుడనే పిలుస్తుంది, నాకు కోపం రాదు, అది నా బిరుదు. బావకి మాత్రం పోయిన నిద్ర మళ్ళీ రాలేదు. పన్నెండింటికి కునుకు పట్టేది, రెండింటికి మెలకువ వచ్చేది, తెల్లారే దాకా దొర్లేవాడు. పోగొట్టుకున్నది ఎలాగైనా రాబట్టుకోవాలని ఎనిమిదింటికే పక్క ఎక్కడం మొదలుపెట్టాడు. ఆదివారాలు మధ్యాహ్నం కూడా పడుకునేవాడు. పక్క మీద గడిపే గంటలు పెరిగాయి, నిద్ర మాత్రం తగ్గింది. ఆ దొర్లుడు భరించలేక అక్క తన తలగడ తీసుకుని హాల్లోకి మారిపోయింది.

కిందటేడు బళ్ళు తెరిచే సీజనులో, మధ్యాహ్నం మూడింటికి, బావ పిల్లల చొక్కా చెయ్యి దగ్గర వంపు తిప్పుతున్నాడు. బ్లేడు వంపు తిరగలేదు, తిన్నగా వచ్చింది. నా ఎడమచేతి ఉంగరపు వేలి చివరి కణుపు పోయింది. నొప్పి వెంటనే తెలియలేదు. తెల్లగుడ్డ మీద ఎరుపు చూసి, అయ్యో అరవై చొక్కాలు పాడయ్యాయే అనుకున్నాను. అంత పనిమంతుణ్ణి నేను.

నేను ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి బావ ఓనరు ముందు నిలబడి అంతా చెప్పేశాడు. "వాడు చెయ్యి జరపకపోవడం కాదు సార్, నేను నిద్రపోయాను. నిలబడే నిద్రపోయాను." ఆ రోజు నుంచి మిషను ముట్టుకోలేదు. మూలనున్న దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి వెళ్ళి, ఆడవాళ్ళ మధ్య స్టూలు వేసుకుని, తయారైన చొక్కాలకి వేలాడే దారపు ముక్కలు కత్తిరిస్తూ కూర్చున్నాడు. ఓనరు బయట నుంచి ఒక అద్దె మాస్టర్ని పిలిపించాడు. నేను ఆయన పక్కన గుడ్డ పరిచేవాణ్ణి, కోసేటప్పుడు పట్టుకునేవాణ్ణి కాదు. ఇనుప వల గ్లవ్‌లు కూడా అప్పుడే వచ్చాయి. వేలు పోయాక గ్లవ్ రావడం లోక సహజం.

వేలి గురించి ఎవరడిగినా నాకేం కాలేదనేవాణ్ణి. బావ అడిగితే మరీ గట్టిగా అనేవాణ్ణి. "తొమ్మిదిన్నర వేళ్ళు చాలు బావా, నేనేమన్నా వీణ వాయించాలా?" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు.

కొత్త సీజను నాలుగు నెలలు ఉందనగా ఓనరు బావని పిలిచాడు. మంచివాడే, మాట మాత్రం కత్తిరించినట్టు మాట్లాడతాడు. "మాస్టారూ, మీరు కోసిన గుడ్డ కోసమే ఈ బళ్ళన్నీ మన దగ్గరికొస్తున్నాయి. సీజను మొదలయ్యే రోజుకి మీరు ఆ బల్ల దగ్గరుంటే ఉన్నట్టు. లేకపోతే ఈ కొత్త మాస్టర్నే పర్మినెంటు చేస్తాను. మీరు దారాల దగ్గరే ఉండొచ్చు, పొమ్మనను" అన్నాడు.

పొమ్మనను అన్నదే పుండు మీద కారం అయింది. ఇరవై ఎనిమిదేళ్ళు గుడ్డ కోసినవాడు ఇక జీవితాంతం దారపు ముక్కలు కత్తిరించాలి. ఆ సాయంత్రం వర్క్‌షాపు మెట్ల మీద కూర్చుని బావ నాతో అన్నాడు: "నాకు నిద్రొస్తే ఆ బల్ల దగ్గరికి పోతాను. రాకపోతే పోను. నీ చెయ్యి అక్కడ పెట్టుకుని నేను అబద్ధం ఆడలేను."

*

నిద్ర డాక్టరుందని దారాల బల్ల దగ్గర ఒకావిడ చెప్పింది. ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ మా ఆఖరి చెల్లెలి వయసుంటుంది. మాత్రలు రాస్తుందనుకుంటే గళ్ళ కాగితాలు తీసింది. రెండు వారాల పాటు ఏ టైముకి పక్క ఎక్కారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువగా ఉన్నారు, ఎప్పుడు లేచారు అన్నీ పొద్దున్నే రాయమంది. రాత్రంతా గడియారం చూడొద్దు, ఉజ్జాయింపుగా రాస్తే చాలంది.

"ఉజ్జాయింపు నాకు బాగా వచ్చమ్మా" అన్నాడు బావ.

రెండు వారాల తర్వాత ఆవిడ కాగితాలు ముందు పెట్టుకుని లెక్క కట్టింది. రోజుకి సగటున పక్క మీద తొమ్మిదిన్నర గంటలు, నిద్ర నాలుగు గంటల యాభై నిమిషాలు.

"మీకు నిద్ర ఉంది. కాకపోతే ఇంత పెద్ద పక్క మీద పల్చగా పరుచుకుని ఉంది. దాన్ని దగ్గరికి లాగాలి. ఇవాళ్టి నుంచి పన్నెండున్నరకి పక్క ఎక్కండి, ఐదున్నరకి లేవండి. నిద్ర పట్టినా పట్టకపోయినా ఐదున్నరకి లేవాల్సిందే. పగలు కునుకు తియ్యకూడదు. ఆ ఐదు గంటల్లో ఎక్కువ భాగం నిద్రపోతుంటే వారానికి పావుగంట చొప్పున పెంచుతాను" అంది.

మా అక్కకి మండింది. "నిద్ర పట్టట్లేదు మొర్రో అని వస్తే, ఉన్న నిద్ర కూడా తగ్గిస్తానంటుందేంటండీ ఈవిడ?" అని ఎదురుగానే అడిగింది.

బావ మాత్రం వంగి కాగితం వంక చూస్తున్నాడు. చాలా నెలల తర్వాత ఆయన మొహంలో పనివాడి కళ కనిపించింది. "లూజు చొక్కా టైటు చేస్తున్నారు. సరిపోయాక వారానికి పావంగుళం విప్పుతారు. అంతే కదమ్మా?" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన వంక చూసి, "అంతే" అంది. ఆ తర్వాత గొంతు మార్చి చెప్పింది: "మొదట్లో కొన్ని వారాలు పగలు బాగా మగతగా ఉంటుంది. నేను చెప్పేదాకా బండి నడపొద్దు, మిషను ముట్టుకోవద్దు." బావ తలూపాడు. నేను ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాను, ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు ఆలోచించలేదు.

పన్నెండున్నర దాకా ఆయన్ని మెలకువగా ఉంచే పని నాకు అప్పగించారు. నాకు. అక్క ఎవర్నీ నమ్మదు కాబట్టి, దొరికినవాడికి పని చెబుతుంది. మొదటి రాత్రి భోంచేసి వాళ్ళింటికెళ్ళాను. కంట్లో వత్తులు వేసుకుని కూర్చుంటానని మాటిచ్చాను. పదిన్నర దాకా పాత ఓనరు కబుర్లు చెప్పుకున్నాం. కళ్ళు తెరిచేసరికి తెల్లారింది, నా మీద దుప్పటి ఉంది, వంటింట్లో అక్క గిన్నెలు కడుగుతోంది.

"కాపలా కుక్కకి దొంగ దుప్పటి కప్పి వెళ్ళాడు" అంది అక్క.

ఆ తర్వాత నాలుగైదు రోజులకి అలవాటైంది. పది దాటాక వీధిలో నడిచేవాళ్ళం. మూసిన దుకాణాల మెట్లు, ఒక ఇస్త్రీ కొట్టు, నీళ్ళు కారే పంపు, చివర బస్సులు నిలబెట్టే షెడ్డు. అక్కడిదాకా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళం. ఇంటికొచ్చాక బావ తన పాత చొక్కాలు తెచ్చి పక్క కుట్లు విప్పేవాడు. వదిలిన అర అంగుళం బయటపడేది. ఎండ తగలని ఆ గుడ్డ కొత్తదానిలా ఉండేది. నేను ఎదురుగా కూర్చుని ఆవలించేవాణ్ణి.

మూడు వారాలు గడిచాయి. బావ ఒక్కరోజు కూడా పగలు కునుకు తియ్యలేదు. అయినా రాత్రి దొర్లుడు తగ్గలేదు. డాక్టరమ్మ వారం వారం లెక్క చూసి పెదవి విరిచేది, పావుగంట కూడా పెంచలేదు. నాలుగు నెలల్లో నెల మీద వారం అయిపోయింది. అద్దె మాస్టరు టీ గ్లాసు పెట్టుకోవడానికి మా బల్ల అంచున మేకు కొట్టి చిన్న చెక్క బిగించుకున్నాడు. అది చూసినప్పటి నుంచి బావకి భోజనం సయించలేదు.

నాలుగో వారం అక్కకి ఒంట్లో బాగోలేక బావకి తోడు నేనొక్కణ్ణే వెళ్ళాను. డాక్టరమ్మ కాగితం తిప్పి చూస్తూ ఆగిపోయింది. బావ ఆవిడిచ్చిన గళ్ళలో అంకెలు రాసింది నిజమే, కానీ కాగితం వెనక తన పద్ధతిలో ప్రతి రాత్రికీ ఒక బొమ్మ కూడా గీశాడు. ప్రతి బొమ్మలోనూ రెండు గీతలున్నాయి.

"ఈ లోపలి గీత ఏంటి?" అంది.

"పన్నెండున్నర నుంచి ఐదున్నర. మీరిచ్చిన కొలత."

"బయట ఇంకో గీత ఉందే?"

"అది కుట్టులోకి పోయేదమ్మా" అన్నాడు బావ, ఇది కూడా తెలియదా అన్నట్టు. "పన్నెండింటికి పడుకుంటాను, ఆరింటికి లేస్తాను. అటో అరగంట, ఇటో అరగంట."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత గుర్తొచ్చింది. రోజూ పన్నెండింటికి ఆయన్ని గదిలోకి పంపింది నేనే. అరగంట ముందే పంపుతున్నానని నాకు తెలుసు. అర అంగుళం వదలని పని మా ఇద్దరి కంటికీ పనిలా కనిపించదు, అందుకే ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. పైపెచ్చు నాకు అరగంట ముందు ఇంటికెళ్ళడం కలిసొచ్చింది.

"మీరు ఆరు గంటలు పక్క మీద ఉంటున్నారు. ఉన్న నిద్ర మళ్ళీ పల్చబడిపోతోంది. గళ్ళలో ఐదే రాశారు కాబట్టి నా లెక్క కూడా తప్పింది" అంది డాక్టరమ్మ. కోప్పడలేదు. పెన్ను తీసుకుని బయటి గీతలన్నీ ఒక్కొక్కటే కొట్టేసింది. ఇరవై ఒక్క రాత్రులు. "దీనికి మార్జిన్ లేదండీ. ఇది కొలత మీదే కొయ్యాలి."

తిరిగొచ్చేటప్పుడు బస్టాపు దగ్గర బావ చాలాసేపు నిలబడ్డాడు. "ముప్పై ఏళ్ళు జాగ్రత్త అనుకున్నదే ఇక్కడ తప్పయిందిరా" అన్నాడు. ఆయన గొంతు అలా వినడం నాకదే మొదటిసారి.

*

కొలత మీద కోసిన మొదటి వారం ఎలా గడిచిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు. పదకొండు దాటితే ఆయన మెడ వాలిపోయేది. కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. నిలబెట్టేవాణ్ణి, నడిపించేవాణ్ణి, మొహాన నీళ్ళు కొట్టేవాణ్ణి. ఐదున్నరకి అక్క లేపితే చంటిపిల్లాడిలా కళ్ళలో నీళ్ళు పెట్టుకునేవాడట. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నిద్ర కోసం మూడేళ్ళు అల్లాడిన మనిషి, కాళ్ళ దగ్గరికొచ్చి కూర్చున్న నిద్రని తన్ని తరుముతున్నాడు. పగలు దారాల బల్ల దగ్గర కత్తెర కూడా వద్దని పక్కన పెట్టి గుండీలు లెక్కపెట్టే పని తీసుకున్నాడు. నిద్ర ముంచుకొస్తే లేచి నిలబడేవాడు. ఆడవాళ్ళు మాట్లాడిస్తూ ఉండేవాళ్ళు.

ఆ వారంలోనే ఒక రాత్రి బస్సుల షెడ్డు దాకా వెళ్ళి అరుగు మీద నిలబడ్డాం. టైము పదకొండున్నర.

"నీకు చెప్పలేదు కదూ" అన్నాడు. "ఆ రోజు నేను కళ్ళు మూసుకోలేదు. గీత కనిపిస్తూనే ఉంది. నీ చెయ్యి కనిపిస్తూనే ఉంది. అన్నీ చూస్తున్నా, నేనక్కడ లేను. మిషను చప్పుడు మారినప్పుడు మళ్ళీ వచ్చాను. గుడ్డ కోసే చప్పుడు వేరు, అది వేరు. పక్క మీద పడుకుంటే ఆ చప్పుడే వినిపిస్తుంది."

"నాకేం కాలేదు బావా" అన్నాను.

"ఊఁ" అన్నాడు. ఇంకేదో వింటాననుకున్నవాడిలా కాసేపు నా వంక చూసి, ముందుకు నడిచాడు. నేను వెనకే నడిచాను. నిద్రపోయేవాణ్ణి లేపగలం గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమని మా అమ్మ అనేది. ఆ రాత్రి అది నాకు గుర్తు రాలేదు, రావాల్సింది.

రెండో వారం బావ పన్నెండున్నరకి పక్క ఎక్కి, అక్క దీపం ఆర్పేలోపు నిద్రపోయాడు. మధ్యలో ఒక్కసారి లేచి, నీళ్ళు తాగి, మళ్ళీ పడుకున్నాడు. డాక్టరమ్మ పావుగంట ఇచ్చింది. ఆ కాగితం పట్టుకుని బావ మెట్లు దిగుతుంటే, ఏదో బహుమతి గెలుచుకొచ్చినట్టుంది. పావుగంట ముందు, పన్నెండుంపావుకి పక్క ఎక్కాడు. ఆ తర్వాతి వారం పన్నెండు. ఒక వారం మళ్ళీ దొర్లుడు వచ్చింది, ఆ వారం పెంచలేదు. బావ గొణగలేదు. "గుడ్డ ఇంకా సాగలేదు, ఇప్పుడే విప్పకూడదు" అన్నాడు. పన్నెండుకి ముప్పావు తక్కువలో... అని అక్కకి లెక్క చెప్పబోయి నేను తడబడితే, "నీ లెక్కలు నమ్మే మూడు వారాలు పోగొట్టుకున్నాం" అని నోరు మూయించింది.

పదకొండున్నరకి వచ్చిన వారం, ఒక పొద్దున్న బావ లేచేసరికి పక్కన అక్క పడుకుని ఉంది. తలగడతో సహా వచ్చేసింది. ఎప్పుడొచ్చిందో ఆయనకి తెలియలేదు. ఆ సంగతి నాకు వర్క్‌షాపులో గుండీలు లెక్కపెడుతూ చెప్పాడు. "మంచం కదిలినా తెలియలేదురా" అని రెండుసార్లు అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను కూడా తుడుచుకున్నాను, గుడ్డ దుమ్మని చెప్పాను.

పదకొండు నుంచి ఐదున్నర దాకా, ఆరున్నర గంటలకి వచ్చేసరికి మొత్తం మూడున్నర నెలలయింది. పగలు మగత పోయింది. డాక్టరమ్మ బావ కళ్ళలోకి చూసి, చాలా ప్రశ్నలు వేసి, మిషను పట్టుకోవచ్చని కాగితం మీద రాసిచ్చింది. సీజనుకి పది రోజులుంది. ఓనరు ఆ కాగితం చదివి, "సోమవారం" అన్నాడు. బల్ల అంచునున్న టీ చెక్కని శనివారం సాయంత్రం నేనే పీకేశాను. అద్దె మాస్టరు మంచివాడే, పాపం. ఆ మేకు పీకుతున్నప్పుడు మాత్రం నాకు ఎంతో హాయిగా అనిపించింది.

*

సోమవారం పొద్దున్న లేత నీలం గుడ్డ నలభై పొరలు పరిచాం. బావ అట్టలు పెట్టి సుద్దతో గీశాడు. లోపలి గీత, బయటి గీత. చెయ్యి వణకలేదు. గ్లవ్ వేసుకున్నాడు, నాకొకటి ఇచ్చాడు. ఇనుప వల చల్లగా ఉంది. ఉంగరపు వేలి చోట దాని చివర ఖాళీగా వేలాడింది. కుట్టు మిషన్లన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. దారాల బల్ల దగ్గర ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఓనరు గాజు తలుపు వెనక నిలబడ్డాడు.

నేను బ్లేడుకి జానెడు ముందు అరచెయ్యి ఆనించాను. బావ స్విచ్ వేశాడు.

నా చెయ్యి వెనక్కొచ్చేసింది.

నవ్వి మళ్ళీ పెట్టాను. బ్లేడు గుడ్డని తాకలేదు, చప్పుడు మాత్రమే ఉంది. మళ్ళీ వచ్చేసింది. మూడోసారి కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని బల్లకి అదిమాను. ఇనుప గ్లవ్‌ని బ్లేడు కొయ్యదని నాకు తెలుసు. నాకు తెలుసు గానీ నా చేతికి తెలియదు. ముంజెయ్యి మొత్తం వణుకుతోంది. చెమట కారి సుద్ద గీత మీద పడింది. ఇన్ని నెలలూ ఆయన నిద్రకి కాపలా కాశాను, నాలో ఇది పడుకుని ఉందని నాకే తెలియదు.

బావ స్విచ్ ఆపాడు. మిషను పూర్తిగా ఆగేదాకా ఎదురు చూశాడు.

"నాకేం..." అని మొదలుపెట్టాను. మాట పూర్తవలేదు. బల్ల మీదకి వంగి, ఆయనకొక్కడికే వినబడేలా అన్నాను: "భయమేస్తోంది బావా. ఆ రోజు నుంచీ భయంగానే ఉంది. నీ మీద కోపంగా కూడా ఉంది."

ఆయన మొహం ముడుచుకుంటుందనుకున్నాను. ముడుచుకోలేదు. మూడేళ్ళుగా చూడని ఒక నెమ్మది వచ్చింది.

"ఇప్పటికి చెప్పావు" అన్నాడు. "నీకేం కాలేదని నువ్వన్నప్పుడల్లా, నా వల్ల అయినదాంట్లో నువ్వు దాచింది ఎంతుందోనని లెక్కపెట్టుకునేవాణ్ణి."

బల్ల చుట్టూ తిరిగి నా వైపు వచ్చాడు. నా భుజం పట్టుకుని మెల్లగా మిషను వైపు నడిపించాడు. హ్యాండిలు నా కుడిచేతిలో పెట్టాడు. తను వెళ్ళి నేను నిలబడే చోట నిలబడి, పొరల మీద అరచెయ్యి ఆనించాడు. బ్లేడుకి జానెడు ముందు.

"నాకు కొయ్యడం రాదు" అన్నాను.

"అంచు వెంట గీత తిన్నగా ఉంది, వంపు లేదు. జానెడు రా. నేను జరుగుతాను."

స్విచ్ వేశాను. మిషను నా చేతిలో బతికున్న దానిలా అదిరింది. నా కళ్ళ ముందు బావ చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేతికి ఐదు వేళ్ళు. ఆ చేతి వెనక మా అక్క, హాల్లోంచి తిరిగొచ్చిన ఆవిడ తలగడ. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను, రెప్ప వేస్తే ఏమవుతుందోనని. పంతొమ్మిదేళ్ళు ఆయన రోజంతా మోసిన బరువు ఇదని నాకు అప్పుడు తెలిసింది. ఏడాదిగా పక్క మీద మోసింది కూడా ఇదే. ఒక్క అంగుళం తోశాను. ఆయన చెయ్యి అంగుళం జరిగింది. ఇంకొకటి తోశాను. జరిగింది. ఆయన బ్లేడు వంక చూడటం లేదు, నా మొహం వంక చూస్తున్నాడు, పూర్తి మెలకువతో.

జానెడు కోసి ఆపేశాను. కోత వంకరగా ఉంది, బయటి గీత దాటి లోపలికి వెళ్ళింది.

బావ వంగి టేపుతో కొలిచాడు. "కుట్టు గీత దాకా పోలేదు. అర అంగుళంలోనే సరిపోయింది" అన్నాడు.

ఆయన హ్యాండిలు తీసుకున్నాడు. నేను నా చోటికి వెళ్ళి అరచెయ్యి గుడ్డ మీద పెట్టాను. అది వణుకుతూనే ఉంది. వణికే చేతిని దాచడానికి ఈసారి జేబు వెతుక్కోలేదు. బావ దాని వంక చూశాడు, స్విచ్ మీద వేలు పెట్టి ఆగాడు.

"నువ్వు చెప్పు, అప్పుడే వేస్తాను" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి. నేను ఊపిరి తీసుకుని, నిదానంగా, వెయ్యి బావా అన్నాను.